చూసే కన్ను, దాచే చెయ్యి: గోదావరి డెల్టాలో మరుగున పడిన అందం



చిత్రకారుడు దామెర్ల రామారావు స్మృతికి అంకితమైన సభ ఇది. ఆయన 1897 మార్చిలో రాజమహేంద్రవరంలో పుట్టారు. 1925 ఫిబ్రవరిలో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకముందే, మశూచి ఆయన్ని తీసుకుపోయింది. ఆయన కన్నుమూసి నూరేళ్ళు దాటాయి. ఆయన వేసిన తైలవర్ణ చిత్రాలు, నీటిరంగుల చిత్రాలు, వందలాది పెన్సిల్ చిత్రాలు, స్కెచ్ పుస్తకాలు ఈ ఊళ్ళోనే ఆయన పేరిట వెలసిన ఆర్ట్ గ్యాలరీలో భద్రంగా ఉన్నాయి. అయినా ఊరివాళ్ళలోనే ఎందరో ఆ గుమ్మం తొక్కలేదు. కళ్ళెదుట ఉన్నదాన్ని చూడకపోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. చూడటం నేర్పిన గురువులు, శిష్యులు కూడా ఇక్కడే ఉన్నారు. ఈ ఉపన్యాసం ఆ రెండో సంప్రదాయాన్ని గుర్తుచేసి, కెమెరా చేతబట్టిన నేటి తరం దాన్ని ఎలా అందిపుచ్చుకోవచ్చో చెప్పే ప్రయత్నం.

1897 మూడు సంగతులకు గుర్తుంచుకోదగ్గ ఏడాది. రామారావు పుట్టారు. గోదావరి మీద మొదటి రైలు వంతెన పని మొదలైంది. అదే ఏడాది ఇంగ్లండులో పార్లమెంటు సభ్యుడు సర్ బెంజమిన్ స్టోన్ ఒక సంఘం పెట్టాడు. మామూలు ఊళ్ళనీ కట్టడాలనీ ఆచారాలనీ ఔత్సాహికులు ఫోటోలు తీయాలి, వివరాలు రాయాలి, వాటిని బ్రిటిష్ మ్యూజియంలో దాచాలి: అదీ ఆ సంఘం సంకల్పం. ఒకచోట అందాన్ని చూసే కన్ను పుట్టింది, ఇంకోచోట ఆ అందానికి ఆనవాలు దాచే పద్ధతి పుట్టింది. గోదావరి డెల్టాకు ఇవాళ ఈ రెండూ కలిసి కావాలన్నదే ఈ ఉపన్యాసం ప్రతిపాదన.

రామారావుకు చూపు ఇచ్చినవాడు ఆస్వాల్డ్ కూల్డ్రే. 1910 దశకంలో రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఆంగ్లేయుడు, స్వయంగా చిత్రకారుడు, కవి. తరగతి గదిలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పి ఊరుకోలేదు. శిష్యులను అజంతా దాకా తీసుకెళ్ళి చూపించాడు. రామారావుతో పాటు అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ఆయన దగ్గర తయారైనవాళ్ళే. ఒకరు కుంచె పట్టారు, ఒకరు కుంచె, కలం రెండూ పట్టారు, ఒకరు పల్లెపదాన్ని పట్టుకున్నారు. ముగ్గురి చూపూ సొంత నేల మీదే నిలిచింది. స్వదేశం వెళ్ళాక కూల్డ్రే ‘సౌత్ ఇండియన్ అవర్స్’ అనే పుస్తకం రాశాడు, 1924లో అది లండన్‌లో అచ్చయింది.

బొంబాయి జె.జె. స్కూల్లో చదువు ముగించుకున్న రామారావుకు ఆ మహానగరంలోనే స్థిరపడే వీలుంది. ఆయన తిరిగి గోదావరి ఒడ్డుకే వచ్చారు. 1922-23 ప్రాంతంలో రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టారు. ఆయన పోయాక మిత్రుడు వరదా వెంకటరత్నం దాన్ని నడిపించారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇదే ఊళ్ళో ఇంకొక సంస్థ పుట్టింది. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్ళు నిండిన సందర్భాన, 1922లో, ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. భావరాజు వేంకట కృష్ణారావు వంటి పరిశోధకులు శాసనాలనీ నాణేలనీ రాగిరేకులనీ వెతికి, చదివి, అచ్చువేశారు. ఒకే ఊళ్ళో చిత్రకారులు అందాన్ని చూస్తున్నారు, చరిత్రకారులు ఆధారాలను దాస్తున్నారు. అయితే ఆ రెండు పనులూ చాలావరకు వేరువేరు చేతుల్లో ఉండిపోయాయి. వాటిని ఒకే చేతిలో పెట్టగల సాధనం ఫోటో.

ఇప్పుడు ఆ సాధనం లేని ఇల్లు లేదు. ప్రతి సాయంత్రం పుష్కరాల రేవు నుంచీ గౌతమీ ఘాట్ నుంచీ ఫోన్లు పడమటి దిక్కుకు లేస్తాయి. ఆ ఫోటోల్లో కనిపించేది చాలావరకు ఒకే దృశ్యం: 1997లో పూర్తయిన ఆర్చి వంతెన, దాని వెనక దిగుతున్న సూర్యుడు. దాని తర్వాత వరస పాపికొండలది, కోనసీమ కొబ్బరిచెట్లది. ఇవన్నీ నిజంగా అందమైనవే. సినిమా ఈ అందాన్ని తెలుగువాళ్ళందరి కళ్ళల్లో నింపింది. నరసాపురంలో పుట్టిన బాపు, ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ కలిసి 1967లో తమ ‘సాక్షి’ని పులిదిండి అనే కాలువగట్టు పల్లెలో తీశారు. 1973లో ‘అందాల రాముడు’ కోసం నదినే వేదిక చేసుకున్నారు. స్టూడియో సెట్టింగులను విడిచి ఒక మామూలు పల్లెను నమ్ముకోవడం ఆ రోజుల్లో సాహసం. తర్వాత వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆ సాహసాన్ని వదిలేసి దృశ్యాన్ని మాత్రమే పట్టుకున్నారు. పడవ, కొబ్బరితోట, పొగమంచు అనే మూడు బొమ్మలు డెల్టాకు గుర్తుగా స్థిరపడ్డాయి. ఆ గుర్తు మాటున మిగతా డెల్టా కనపడకుండా పోయింది.

మిగతా డెల్టాను చూడాలంటే ముందు ఒక సత్యాన్ని ఒప్పుకోవాలి. ఇక్కడి పచ్చదనం నది ఒక్కటే ఇచ్చింది కాదు. దాని వెనక మనుషుల పని ఉంది. 1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం కొండ రాయిని పగలగొట్టి, మోసి, ఏట్లో పేర్చిన వేలమంది కూలీల చెమట అది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా నదికి అడ్డంగా నిలిచిన ఆ కట్ట స్థానంలో ఇప్పుడు కాటన్ పేరుతోనే బారేజీ ఉంది. అక్కడి నుంచి చీలిన కాలువలూ, పంట బోదెలూ, గట్లూ, తూములూ, లాకులూ కలిస్తేనే ఈ డెల్టా. కరువుకూ ముంపుకూ మధ్య నలిగిన నేల సార్వా, దాళ్వా రెండు పంటల నేల అయింది. పచ్చని పొలం ఫోటో తీసేవాడు దానికి నీరు ఏ తూము నుంచి వచ్చిందో కనుక్కుంటే, ఆ ఫోటోకు రెండో పొర చేరుతుంది.

పి.గన్నవరం దీనికి గొప్ప ఉదాహరణ. అక్కడ గోదావరి పాయ వైనతేయ అడ్డం వస్తుంది. పాయ అవతలి లంకలకు కాలువ నీరు అందాలంటే నది మీదుగానే కాలువను దాటించాలి. పందొమ్మిదో శతాబ్దం నడిమి రోజుల్లో, ఆనకట్ట పని వెంబడే, 49 కమానులతో అక్విడక్టు కట్టి ఆ పని చేశారు. కింద నది సముద్రానికి పోతుంటే, పైన కాలువ పొలాలకు పోయేది. ఒక నీటి మీద ఇంకొక నీరు దాటిన ఈ కట్టడం కోనసీమ దారిలోనే ఉన్నా, దాని పక్కనుంచి పోయే బస్సుల్లో తల తిప్పి చూసేవాళ్ళు తక్కువ. ఉదయం పూట కిందికి, ఏటి ఇసుకలోకి దిగి చూస్తే కమాను వెనక కమాను సన్నబడుతూ అవతలి గట్టు దాకా సాగుతుంది. కమానుల లోపలి వంపులో తడి మరకలు, నాచు, పగుళ్ళలో మొలిచిన రావి మొక్కలు కనిపిస్తాయి. వరదలకు ఎదురొడ్డిన నూటయాభై ఏళ్ళకు పైబడిన వయసు ఆ గోడల మీదే చదువుకోవచ్చు.

దాని పక్కనే 2000 ప్రాంతంలో కట్టిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వచ్చినవారికి వచ్చినట్టు అన్నం పెట్టిన ఇల్లాలు ఆమె, 1909లో కన్నుమూశారు. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక ఉత్సవాలకు ఆమెను పిలిచారనీ, అన్నదానం ఆగిపోతుందని ఆమె వెళ్ళలేదనీ, చివరికి అధికారులు ఆమె ఫోటో తీయించి పంపారనీ ఈ సీమలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆమెకు ఫోటో మీద మక్కువ లేదనీ, పంపకపోతే ఆ అధికారి ఉద్యోగానికే ముప్పని తెలిసి ఒప్పుకున్నారనీ అంటారు. కథలో నిజం ఎంతైనా, ఈ ప్రాంతపు ఫోటోల చరిత్రలో అది మొదట చెప్పుకోదగినది. కెమెరా ఒక లంక గ్రామానికి వచ్చింది ప్రకృతి శోభ కోసం కాదు, ఒక మనిషి చేసిన పని కోసం. ఆ ఫోటో ఉండబట్టే ఆ ముఖం ఇవాళ్టి పిల్లలకు తెలుసు.

డెల్టాను చూడటానికి అన్ని రుతువులూ పనికొస్తాయి, కానీ అందరూ వెళ్ళే రుతువులు రెండే: వరద రోజులు, సంక్రాంతి ముందటి మంచు రోజులు. ఎవరూ వెళ్ళని రుతువు వేసవి. దాళ్వా పంట చేతికొచ్చాక కాలువలు కట్టేస్తారు. నీరు తీసేసిన కాలువ వికారంగా ఉంటుందని కెమెరాలు దాన్ని తప్పించుకు పోతాయి. నిజానికి డెల్టా తన ఎముకల గూడును బయటపెట్టేది అప్పుడే. తూముల అడుగు రాళ్ళు, లాకు గోడల అడుగు వరసలు, రేవు మెట్లలో ఏడాదంతా నీటి కింద దాగే చివరి మెట్లు అప్పుడే కనిపిస్తాయి. లాకు పని తీరు అర్థం చేసుకోవడానికీ అదే సమయం. రెండు జతల తలుపుల మధ్య ఒక రాతి తొట్టి. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూస్తారు, ముందు తలుపుల తూములు ఎత్తి నీటిమట్టం సమం చేస్తారు, ఆ తర్వాతే ముందు తలుపులు తెరుస్తారు. రెండు రెక్కలూ ఎగువ వైపుకు కోణంగా ఆనుకుని ఉంటాయి కాబట్టి నీటి బరువే వాటిని బిగించి పడుతుంది. ఈ లాకుల గుండానే కాకినాడ నుంచి ఏలూరు, కృష్ణ, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసు దాకా పడవలు నడిచేవి. 2008లో ఇదే మార్గాన్ని 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. గూడపడవలు పోయాయి, లాకులు మిగిలాయి. లాకు కాసే లస్కర్ల పని ఎలా ఉంటుందో చూపే ఫోటోలు మాత్రం అరుదు.

నగరంలోనే కళ్ళెదుట మరుగునపడిన పెద్ద ఉదాహరణ హేవలాక్ వంతెన. 1897లో పని మొదలై, 1900లో రైళ్ళు నడిచాయి. నిర్మాణాన్ని నడిపినవాడు ఎఫ్.టి.జి. వాల్టన్ అనే ఇంజనీరు. 56 ఖానాలు, రాతి స్తంభాల మీద ఇనుప గర్డర్లు. మద్రాసు నుంచి కలకత్తా పోయే రైలు నదిని దాటింది దీని మీదనే. దాదాపు నూరేళ్ళు మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది. పక్కనే ఆర్చి వంతెన వెలుగుతుంటే పాత వంతెన ఫోటోల్లో వెనక గీతగానే మిగిలింది. దాని స్తంభాల మీద ఏ ఏటి వరద ఎంత ఎత్తుకు వచ్చిందో ఊహించుకోవచ్చు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద కూడా ఆ రాళ్ళను ఒరుసుకునే పోయింది. ఆ వంతెన ముందు ముందు ఎలా మారినా, ఇప్పుడున్న రూపాన్ని ఖానా ఖానాకూ ఫోటో తీసి ఉంచడం నగరం బాధ్యత.

ఇంకొంచెం దూరం పోతే చరిత్ర లోతు పెరుగుతుంది. రాజమహేంద్రవరం నుంచి సామర్లకోట పోయే రైలుమార్గంలో బిక్కవోలు స్టేషన్ ఉంది. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి బిరుదు మీదుగా వచ్చిన పేరంటారు. ఊళ్ళో గోలింగేశ్వరాలయానికి భక్తులు వస్తారు. ఊరి బయట వరిచేలలో నిలిచిన పాత గుళ్ళకు మాత్రం వచ్చేవాళ్ళు తక్కువ. చదరపు పునాది, అంతస్తులుగా లేచే విమానం, గోడల్లో గూళ్ళు, గూటి నెత్తిన నోళ్ళు తెరిచిన మకరాల తోరణం. వెయ్యేళ్ళు పైబడిన శిల్పం ఇది. ఊడ్పులప్పుడు ఈ గుళ్ళ చుట్టూ నీళ్ళు, కోతలప్పుడు చుట్టూ బంగారు రంగు, కుప్పనూర్పుల తర్వాత చుట్టూ బీటలువారిన నేల. ఏటవాలు ఎండ పడే ఉదయం, సాయంత్రం వేళల్లో తోరణం మీది చెక్కడం స్పష్టంగా లేస్తుంది. నడినెత్తిన ఎండలో అదే గోడ చదునుగా కనిపిస్తుంది. ఏ వేళ వెళ్ళాలన్నది కూడా తెలుసుకోవలసిన విద్యే.

ద్రాక్షారామం భీమేశ్వరుడి దర్శనానికి వేలమంది వెళతారు. అదే ఊళ్ళో ఒలందు దిబ్బ అనే చోట 17, 18 శతాబ్దాల డచ్చి వర్తకుల సమాధులున్నాయి. పాలకొల్లు, మాధవాయపాలెం, ఇంజరం, యానాం, కోరంగి అన్నీ ఒకప్పుడు సముద్రం అవతలి దేశాలతో బేరమాడిన చోట్లు. కోరంగి రేవును 1839 నవంబరు తుపాను ఉప్పెన ముంచేసింది. అది మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు. ఇప్పుడు అక్కడ మడ అడవుల అభయారణ్యం ఉంది, 1978లో ఏర్పడింది. చెక్కబాట మీద నడుస్తూ మడచెట్ల వేళ్ళను ఫోటో తీసే సందర్శకుడికి ఆ బురద కింద ఒక రేవు పట్నం జ్ఞాపకం ఉందని చెప్పాలి. అప్పుడు అడవి అందం ఏమీ తగ్గదు. దాని వెనక కాలం కూడా కనిపిస్తుంది.

డెల్టాలో ఏదీ శాశ్వతం కాదు. లంకలు ఏటికి కోసుకుపోతాయి. పెంకుటిళ్ళ స్థానంలో డాబాలు లేస్తాయి. మండువా లోగిళ్ళు ఒక్కొక్కటీ కూలుతున్నాయి. నాలుగు వైపుల పెంకు చూరులూ లోపలికి వాలి, నడిమి వాకిట్లోకి వాననీ వెలుతురునీ ఒకేసారి దింపే ఆ ఇంటి రచన ఎండా వానా ఎరిగిన మేస్త్రుల విద్య. ఇల్లు అమ్ముకోవడం, కూల్చి కొత్తది కట్టుకోవడం యజమాని హక్కు, అవసరం. కూల్చే ముందు వాకిట్లో పడే వెలుతురును, స్తంభాల చెక్కడాన్ని, వంటింటి గోడ మీది మసిని ఫోటో తీయడానికి మాత్రం ఒక పూట చాలు. పారిస్‌లో యూజెన్ అట్జే 1890ల నుంచి 1927లో చనిపోయేదాకా బరువైన కెమెరా మోసుకుంటూ కూల్చబోయే సందులనీ దుకాణాలనీ మెట్లనీ ఫోటోలు తీశాడు. చిత్రకారులకు ఆధారాలుగా అమ్ముకున్నాడు, గ్రంథాలయాలకూ అమ్మాడు. ఆ పాత పారిస్ ఇవాళ ప్రపంచానికి తెలిసిందంటే ఆ శ్రమ వల్లనే.

ఆధారం అనిపించుకోవాలంటే ఫోటోకు నాలుగు వివరాలు కావాలి: ఎక్కడ, ఎప్పుడు, ఏమిటి, ఎవరు. ఊరు పేరు, తేదీ లేని అందమైన ఫోటో యాభై ఏళ్ళకు అనాథ అవుతుంది. చివరి ప్రశ్న అన్నిటికన్నా సున్నితమైనది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఇళ్ళలో ఆడవాళ్ళు అల్లే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లోనే వాళ్ళ శ్రమ మీద పుస్తకం రాసింది. ఆ వేళ్ళనూ, క్రోషే సూదినీ ఫోటో తీసి, ఆ వేళ్ళు ఎవరివో చెప్పకపోతే అన్యాయం. అడగకుండా తీయడం ఇంకా పెద్ద అన్యాయం. రేవులో స్నానం చేసేవారిని, కడియపులంక పూలబజారులో తెల్లవారకముందే బుట్టలు మోసేవారిని, పంటు నడిపేవారిని ముందు పలకరించాలి, ఒప్పుకుంటేనే తీయాలి, తీసిన ఫోటో తిరిగి వాళ్ళ చేతికి ఇవ్వాలి. రామారావు గీసిన మనుషులు అలంకారానికి నిలబడ్డ బొమ్మలు కారు, ఈ నేల మనుషులు. ఆ గౌరవం కెమెరాకూ రావాలి.

ఫోన్‌లో ఉన్న ఫోటో ఫోన్‌తోనే పోతుంది. ఈ నగరంలో ఫోటోలు దాచుకోవడానికి చోట్లున్నాయి. వడ్డాది సుబ్బారాయుడు 1898లో నెలకొల్పిన గ్రంథాలయం కొండ వెంకటరత్నం గ్రంథాలయంతో కలిసి గౌతమీ గ్రంథాలయమై తాళపత్రాలను కాపాడుతోంది. పరిశోధక మండలి సేకరణల నుంచి పెరిగిన రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం ఉంది. దామెర్ల గ్యాలరీ ఉంది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. 1890లో కందుకూరి వీరేశలింగం కట్టించిన పురమందిరం ప్రదర్శనకు పనికొస్తుంది. లోపించినవి ఫోటోలూ కాదు, చోట్లూ కాదు. ఆ రెంటినీ కలిపే పద్ధతి.

అందుకే ఈ సభ నుంచి ఒక విన్నపం. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. రేవులు మారతాయి, రోడ్లు వెడల్పవుతాయి, పాత గోడలు కొన్ని పోతాయి. అంతకుముందే ఆర్ట్స్ కళాశాల మొదలు ఈ డెల్టాలోని ప్రతి కళాశాలా తన విద్యార్థులకు ఒక్కో లాకు, ఒక్కో రేవు, ఒక్కో వీధి, ఒక్కో పాత ఇల్లు అప్పగించాలి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఒకసారి, నీరు వదిలినప్పుడు ఒకసారి, కోతలప్పుడు ఒకసారి అదే చోట నిలబడి ఫోటో తీయాలి. ఊరు, తేదీ, పేరు రాసి ఒక ప్రతి గ్రంథాలయానికి ఇవ్వాలి. గ్రంథాలయాలు, మ్యూజియంలు వాటిని స్వీకరించే ఏర్పాటు ఇప్పుడే చేయాలి. ఈ సభలోని విద్యార్థులు ఇంటికి వెళ్ళే దారిలో దామెర్ల గ్యాలరీలో ఒక గంట గడిపి, ఈ వారమే తమ ఊరి రేవుతో ఆ పని మొదలుపెట్టాలని కోరుతున్నాం.